కరీబియన్ దీవికి హనీమూన్: దీవి అడగని వీసాను దారి అడుగుతుంది

2024 జూన్ 29 రాత్రి బార్బడోస్ ద్వీపంలోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో భారత జట్టు టీ20 ప్రపంచ కప్పును గెలుచుకొన్నది. సూళగిరి చుట్టుపట్ల పల్లెలలో ఆ రాత్రి టీవీ ముందు మేలుకొని ఉన్న యువకులు ఆ ద్వీపం పేరును అప్పటి నుండి మరచిపోలేదు. అయితే కప్పు గెలిచిన జట్టు మరునాడే ఇంటికి బయలుదేరలేకపోయింది. బెరిల్ అనే పెనుతుపాను దూసుకొని రావడంతో బ్రిడ్జ్‌టౌన్ విమానాశ్రయాన్ని మూసివేశారు. ఆటగాళ్ళు కొన్ని దినాలు హోటలులోనే చిక్కుకొని, ప్రత్యేక విమానంలో జూలై 4న ఢిల్లీ చేరుకొన్నారు. క్రికెట్ జట్టు కోసం ప్రత్యేక విమానం వచ్చింది. సొంత సొమ్ముతో వెళ్ళే కొత్త దంపతుల కోసం ఎవరూ విమానం పంపరు.

ఈ మాటను ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఉన్నది. పూర్వం తెలుగు ఇండ్లలో పెండ్లి తరువాతి ముచ్చట మనుగుడుపులతో తీరిపోయేది. అల్లుడు అత్తవారింట కొన్నాళ్ళు ఉండి, విందులు ఆరగించి, ఆలిని వెంటబెట్టుకొని తన ఊరికి వచ్చేవాడు. తరువాతి తరం ఊటీ, కొడైకెనాల్ చూసి వచ్చింది. హోసూరు పరిశ్రమలలోను, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ కార్యాలయాలలోను ఉద్యోగాలు చేస్తున్న నేటి యువతరం సముద్రాల ఆవలికి చూపు సారిస్తున్నది. వెండితెర మీదను, చేతి ఫోనులోను కనబడే నీలి సముద్రం, తెల్లని ఇసుక వారిని కరీబియన్ దీవుల వైపు పిలుస్తున్నాయి. ఆశ పడడంలో తప్పు లేదు. కాని ఈ ప్రయాణంలో సొమ్ము పోయేది సముద్రతీరంలో కాదు. టికెట్టు మీద వ్రాసిన పేరు దగ్గర, నడిమి దేశపు విమానాశ్రయం దగ్గర, పంచాంగంలోని నెల దగ్గర పోతుంది. పెండ్లి ఖర్చులకు తోడు కూడబెట్టిన సొమ్ము కాబట్టి, ఈ మూడింటిని ఇంటిలోని పెద్దలు కూడ తెలుసుకొని ఉండడం మేలు.

కరీబియన్ దీవులు అమెరికా ఖండాల నడుమ, క్యూబా మొదలుకొని ట్రినిడాడ్ వరకు విల్లు వంపుగా పరచుకొని ఉన్నాయి. 1492లో కొలంబస్ వాటిని చేరి, భారతదేశపు దరి చేరినట్లు భ్రమించినందువలననే వాటికి వెస్టిండీస్ అనే పేరు స్థిరపడింది. అక్కడ ఒక్కొక్క దీవి ఒక్కొక్క దేశం. బార్బడోస్ విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కృష్ణగిరి జిల్లాలో అది పదోవంతు కూడ కాదు. అక్కడి గడియారం మన గడియారానికి తొమ్మిదిన్నర గంటలు వెనుక నడుస్తుంది. సూళగిరిలో సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అక్కడ ఇంకా ఉదయపు ఎండ.

భారత పాస్‌పోర్టుతో వెళ్ళే పర్యాటకుల నుండి బార్బడోస్, జమైకా, గ్రెనడా, డొమినికా, సెయింట్ విన్సెంట్, ట్రినిడాడ్ వంటి దేశాలు ముందస్తు వీసా అడగవు. ప్రయాణపు ఏజెంట్లు ఈ ఒక్క మాటనే గట్టిగా చెబుతారు. అది నిజమే, కాని సగం నిజం. డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. మొదటిదానికి వీసా అక్కర లేదు, రెండవదానికి కావాలి. పేరు పోలిక వలన ఒకదానికి బదులు మరొకదానికి టికెట్టు కొన్నవారి అవస్థ ఊహించుకోవచ్చు. ఇటువంటి నియమాలు ప్రభుత్వాల చిత్తం కొలది మారుతూ ఉంటాయి కనుక, టికెట్టు కొనే వారంలో ఆ దేశపు అధికారిక ప్రకటనను ఒకసారి చూసుకోవాలి.

అసలు చిక్కు దారిలో ఉన్నది. భారతదేశం నుండి ఆ దీవులకు నేరుగా నడిచే రోజువారీ విమానం లేదు. బెంగళూరు దేవనహళ్ళి నుండి బయలుదేరినవారు లండన్‌లోనో, న్యూయార్క్ లేదా మయామీలోనో, ఐరోపాలోని మరొక నగరంలోనో విమానం మారక తప్పదు. అమెరికా భూమి మీద విమానం మారాలంటే, రెండు గంటలే ఆగినా సరే, అమెరికా వీసా ఉండి తీరాలి. బయటికి పోకుండా లోపలి నుండే మరొక విమానం ఎక్కే ఏర్పాటు అక్కడ లేదు. బ్రిటన్‌లో విమానం మారడానికి సైతం భారతీయులకు ట్రాన్సిట్ వీసా అవసరం. అమెరికా మొదలైన కొన్ని దేశాల వీసా చేతిలో ఉన్నవారికి మాత్రం కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వీసా అక్కరలేని దీవికి టికెట్టు చేతబట్టుకొని వచ్చి, దేవనహళ్ళి కౌంటరు వద్దనే ఆగిపోయే ప్రమాదం ఇందువలననే కలుగుతుంది. నడిమి దేశపు వీసా లేనివారిని విమానం ఎక్కించుకోవడానికి కంపెనీ ఒప్పుకోదు. టికెట్టు సొమ్ము కూడ చాలవరకు తిరిగి రాదు.

దీనిలోనే మరొక మెలిక. కొంత సొమ్ము మిగులుతుందని బెంగళూరు నుండి లండన్ వరకు ఒక టికెట్టు, అక్కడి నుండి దీవికి వేరొక టికెట్టు కొనేవారున్నారు. అప్పుడు లండన్‌లో పెట్టెలు తీసుకొని, బయటికి వచ్చి, మళ్ళీ లోనికి పోవాలి. అనగా బ్రిటన్‌లో ప్రవేశించినట్లే. దానికి చెల్లే వీసా వేరు. పైగా హీత్రూ, గాట్విక్ అనేవి రెండు వేర్వేరు విమానాశ్రయాలు. కరీబియన్ విమానాలు రెండింటి నుండీ ఉన్నాయి. ఒకదానిలో దిగి మరొకదానిలో ఎక్కవలసి వస్తే రోడ్డు మీదనే గంటకు పైగా పడుతుంది. కాబట్టి రాకపోకలు రెండూ ఒకే టికెట్టులో, విమానం మార్పు ఒకే విమానాశ్రయంలో ఉండేలా కొనడం క్షేమం. అందుకు నాలుగు వేలో అయిదు వేలో ఎక్కువైనా అది దండుగ కాదు.

ఇక పాస్‌పోర్టు. సరిహద్దు పల్లెల తెలుగువారికి ఇక్కడ ఉన్న ఇబ్బంది ఇతరులకు లేదు. ఇంటిలో పలికే పేరు తెలుగు, బడి రిజిస్టరులో వ్రాసినది తమిళం, ఉద్యోగం బెంగళూరులో కాబట్టి కొన్ని కాగితాలు కన్నడ నాట పుట్టినవి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ లకూ ఒకటే. ఇంటిలో భాగ్యలక్ష్మి అని పిలిచే పిల్ల తమిళ రిజిస్టరులో పాక్కియలట్చుమి అవుతుంది. దానిని చూసి ఆంగ్లంలో వ్రాసేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాస్తారు. దేవరాజు ఒక కాగితంలో దేవరాజ్, మరొక కాగితంలో తేవరాజ్. పదవ తరగతి మార్కుల పత్రంలో ఒక వ్రాత, ఆధార్ కార్డులో ఒక వ్రాత, పాన్ కార్డులో ఇంకొక వ్రాత. ఊరిలో బ్రతికినంత కాలం ఇది నవ్వులాట. విమానాశ్రయంలో నవ్వులాట కాదు. టికెట్టు మీది పేరు పాస్‌పోర్టు మీది పేరుతో అక్షరం అక్షరం సరిపోవాలి.

రెండవ చిక్కు ఇనీషియల్. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు పెట్టి వ్రాయడం వాడుక. పాస్‌పోర్టులో పొట్టి అక్షరం చెల్లదు, విప్పి వ్రాయాలి. ఇచ్చిన పేరు ఒక గడిలో, ఇంటిపేరు మరొక గడిలో ఉంటాయి. తండ్రి పేరును ఇంటిపేరు గడిలో పెట్టేవారున్నారు, ఆ గడిని ఖాళీగా వదిలేవారూ ఉన్నారు. ఖాళీగా వదిలితే తరువాత తలనొప్పి. ఒంటి పేరు గల పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. అమెరికా వీసా పత్రాలలో ఇటువంటివారి ఇచ్చిన పేరు గడిలో పేరు తెలియదనే అర్థం వచ్చే పొడి అక్షరాలు చేరుతాయి. పాస్‌పోర్టు కొత్తగా తీసుకొనేవారు రెండు గడులూ నింపుకోవడమే ఉత్తమం. తెలుగు కుటుంబాలకు అసలైన ఇంటిపేరు ఎలాగూ ఉన్నది. అయితే మిగిలిన ధ్రువపత్రాలలో అది కనబడకపోతే పాస్‌పోర్టులో మాత్రమే చేర్చడం కష్టం. పేరు పెద్దగా మార్చుకోవాలనుకొనేవారు తమిళనాడు ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటన వేయించుకోవాలి. అది పెండ్లి చూపుల నాడే మొదలుపెట్టవలసిన పని. పెండ్లి పత్రికలు పంచే వేళకు మొదలుపెడితే అందదు.

పెండ్లికూతురి పేరు విషయంలో తొందరపాటు అసలు పనికిరాదు. పెండ్లి కాగానే భర్త పేరు చేర్చి పాస్‌పోర్టు మార్చితే తప్ప విదేశాలకు పోనివ్వరని కొన్ని ఇండ్లలో అనుకొంటారు. అటువంటి నియమం లేదు. పుట్టింటి పేరుతో ఉన్న పాస్‌పోర్టు గడువు ఉన్నంత కాలం చెల్లుతుంది. ఆ పేరు మీదనే టికెట్టు కొని, ఆ పేరుతోనే వెళ్ళి రావచ్చు. మార్పులు తిరిగి వచ్చిన తరువాత నిదానంగా చేసుకోవచ్చు. టికెట్టు పాత పేరుతో కొని, నడుమ పాస్‌పోర్టు కొత్త పేరుతో తెచ్చుకొనేవారే ఇబ్బంది పడతారు. పెండ్లి నమోదు మాత్రం వాయిదా వేయకూడదు. తమిళనాడు వివాహాల నమోదు చట్టం 2009 ప్రకారం 90 దినాల లోపల నమోదు తప్పనిసరి. ఆ పత్రం బ్రిటన్ వంటి దేశాల వీసా దరఖాస్తుకు బలంగా తోడ్పడుతుంది.

కృష్ణగిరి జిల్లా చెన్నై ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోనిది. అయినను 2018 నుండి దేశంలో ఎక్కడి నుండైనా దరఖాస్తు చేసుకొనే వీలు కలిగింది. బెంగళూరులో ఉద్యోగం చేసేవారు అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాని పోలీసు విచారణ దరఖాస్తులో వ్రాసిన చిరునామాకే వస్తుంది. ఆధార్ సూళగిరిలో, కాపురం బెంగళూరు అద్దె ఇంటిలో అయితే, ఏ చిరునామా వ్రాసినా ఆ చోట విచారణకు మనిషి దొరకాలి. పెద్దవారికి 36 పుటల పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, తత్కాల్ పద్ధతికి అదనంగా 2,000 రూపాయలు. పాత పాస్‌పోర్టు ఉన్నవారు ప్రయాణపు తేదీ నుండి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉన్నదో లేదో చూసుకోవాలి. పదవ తరగతి దాటనివారి పాస్‌పోర్టులో ఈ.సి.ఆర్. అనే గురుతు ఉంటుంది. అది గల్ఫ్ మొదలైన కొన్ని దేశాలకు కూలికి, కొలువుకు పోయేవారిని ఉద్దేశించినది. విహారయాత్రకు అడ్డు కాదు.

నెల సంగతి పెద్దలకు బాగా అర్థమవుతుంది. కరీబియన్ సముద్రంలో పెనుతుపానుల కాలం జూన్ 1 నుండి నవంబరు 30 వరకు. అందులోనూ ఆగస్టు నడిమి నుండి అక్టోబరు దాకా ఉద్ధృతం ఎక్కువ. 2024లో బెరిల్ జూలై 1నే గ్రెనడా దేశపు కారియాకూ దీవిని నేలమట్టం చేసింది. 2025 అక్టోబరు 28న మెలిస్సా జమైకాను అయిదవ శ్రేణి తీవ్రతతో తాకింది. ఇప్పుడు మన ముహూర్తాలను దాని పక్కన పెట్టి చూడాలి. మాఘ, ఫాల్గుణ మాసాల పెండ్లిండ్లు అక్కడి పొడి కాలంలో పడతాయి. ఆకాశం తేటగా ఉంటుంది, గదుల అద్దె మాత్రం అత్యధికం. హోసూరు గులాబి తోటల కుటుంబాలకు ఇంకొక అడ్డంకి: ఫిబ్రవరి 14 ముందరి వారాలలో పూల ఎగుమతి వదలి కదలడం కుదరదు. వైశాఖపు పెండ్లి అయితే మే నెలలో వెళ్ళి రావచ్చు. తుపాను కాలం ఇంకా మొదలు కాదు, అద్దెలు కూడ కొంత దిగి ఉంటాయి. ఇన్నింటిలో అదే మేలైన కాలమని చెప్పవచ్చు. తరువాత ఆషాఢం, దాని వెన్నంటి తమిళుల ఆడి. సరిహద్దున రెండు పంచాంగాలూ చూసే ఇండ్లలో ఆ ఎడబాటు కాలం కొంత సాగుతుంది కూడ. శ్రావణ మాసపు ముహూర్తం పెట్టుకొన్నవారు ఈ దీవుల ఆలోచన మానుకోవడమో, డిసెంబరుకు వాయిదా వేయడమో మంచిది. పెండ్లి మరునాడే బయలుదేరాలని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు.

తుపానులు అరుదుగా తాకే దీవులు దక్షిణాన ఉన్నాయి. అరూబా, కురసావ్ అటువంటివి. కాని అవి నెదర్లాండ్స్ రాజ్యంలోనివి, వాటికి భారతీయులకు వీసా కావాలి. ట్రినిడాడ్ కూడ దక్షిణపు కొసన ఉన్నది, వీసా అడగదు, శాకాహారులకు అంతకన్న అనుకూలమైన దీవి లేదు. అయితే అక్కడి చిక్కు తిరిగి వచ్చేటప్పుడు బయటపడుతుంది. ట్రినిడాడ్ పచ్చ జ్వరం, అనగా ఎల్లో ఫీవర్, ముప్పు గల ప్రదేశాల జాబితాలో ఉన్నది. అక్కడి నుండి ఆరు దినాల లోపల భారతదేశానికి చేరేవారి వద్ద టీకా ధ్రువపత్రం లేకపోతే, విమానాశ్రయం నుండి ఇంటికి కాక క్వారంటైనుకు పంపుతారు. ఆరు దినాల వరకు అక్కడ ఉండవలసి రావచ్చు. టీకా వేయించుకొన్న పది దినాల తరువాతనే పత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలో మాత్రమే దీనిని వేస్తారు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాటిలో ఒకటి. గర్భవతులు, గ్రుడ్డు పడనివారు వైద్యుని అడగకుండా వేయించుకోరాదు. దోమల వలన వచ్చే జికా వ్యాధి 2015, 2016లలో ఆ దీవులలో విస్తరించింది. అది గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది. త్వరలో సంతానం కోరుకొనే దంపతులు వెళ్ళేముందు వైద్యునితో ఒక మాట మాట్లాడి వెళ్ళాలి. అత్తమామల ముందు ఎత్తలేని సంగతి కాబట్టి దీనిని చాలామంది దాటవేస్తారు.

డబ్బు విషయంలో ఒక వివరం చాలామందికి తెలియదు. విదేశీ యాత్రా ప్యాకేజీ అమ్మేవారు ధరపైన టి.సి.ఎస్. అనే పన్నును ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కడతారు. దాని రేటు బడ్జెట్టులో మారుతూ వచ్చింది కనుక బిల్లు మీద చూసుకోవాలి. అది శాశ్వతంగా పోయిన సొమ్ము కాదు. ఎవరి పాన్ మీద కట్టారో వారు ఆదాయపు పన్ను రిటర్ను వేసి, తమ పన్నులో తగ్గించుకోవచ్చు, పన్ను లేనివారు వాపసు పొందవచ్చు. వ్యవసాయపు ఆదాయం మాత్రమే ఉన్న తండ్రి పేరుతో ప్యాకేజీ కొని, రిటర్ను వేయకుండా ఊరుకొంటే ఆ సొమ్మును వదులుకొన్నట్లే. బార్బడోస్‌లో రెండు స్థానిక డాలర్లు ఒక అమెరికా డాలరుకు సమానం. గ్రెనడా, డొమినికా వంటి తూర్పు దీవులలో 2.70 డాలర్లు. ధర చూడగానే ఏ దేశపు డాలరో అడగడం అవసరం. బంగారం కుదువ పెట్టి ఈ యాత్ర చేయడం మాత్రం ఏ లెక్కకూ పొసగదు.

దీవిలో దిగిన తరువాత తెలిసి ఉండవలసినవి కొద్దిగానే ఉన్నాయి. బార్బడోస్ పడమటి తీరం ప్రశాంతం, ఈతకు అనువైనది. తూర్పున అట్లాంటిక్ అలలు మనిషిని లాగివేస్తాయి. సముద్రపు ఒడ్డున మాంచినీల్ అనే చెట్టు పెరుగుతుంది. పచ్చని చిన్న ఆపిల్ వంటి కాయలు కాస్తుంది. దాని పాలు జిల్లేడు పాలకన్న క్రూరం. వాన వేళ దాని క్రింద నిలిస్తే కారిన నీటికే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, కాయ తింటే ప్రాణాపాయం. కొన్ని చోట్ల చెట్టుకు ఎర్ర రంగు పూసి హెచ్చరిస్తారు. సైనికుల దుస్తుల వంటి మచ్చల ప్యాంట్లు, చొక్కాలు బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్, గ్రెనడాలలో పౌరులు ధరించడం నేరం. మన కుర్రవారికి అవి మోజు కనుక పెట్టెలో పెట్టకుండా ఇంటిలోనే విడిచి పోవాలి.

ఆ దీవులకు మనవారు కొత్తవారు కారన్నది కూడ గమనార్హం. చెరకు తోటలలో కూలికి ఒప్పందం మీద వెళ్ళిన భారతీయులతో మొదటి ఓడ 1845 మే నెలలో జమైకాకు, అదే నెల 30న ట్రినిడాడ్‌కు చేరింది. ఫ్రెంచివారి మార్టినిక్, గ్వాడలూప్ దీవులకు 1853, 1854లలో పుదుచ్చేరి ప్రాంతం నుండి ఓడలు పోయాయి. చెన్నపట్నం వైపు నుండి వెళ్ళినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వారి భాష మనుమల కాలానికే నశించింది, దేవత మాత్రం నిలిచింది. మన ఊళ్ళ మారెమ్మ గ్వాడలూప్‌లో మలియెమెన్ అనే పేరుతో నేటికీ కొలువు దీరి, మేకపోతు బలి అందుకొంటున్నది. అక్కడివారు ఇష్టంగా వండే కొలంబో అనే మసాలా కూర పేరు తమిళుల కుళంబు నుండి వచ్చినదేనంటారు. ట్రినిడాడ్‌లో దీపావళి ప్రభుత్వ సెలవు దినం. శనగలు నింపిన డబుల్స్ అనే చిరుతిండి అక్కడ ప్రతి వీధిలో ఉదయపు పలహారం.

ఇంత దూరం, ఇన్ని కాగితాలు వద్దనుకొనే దంపతులకు సముద్రం దగ్గరలోనూ ఉన్నది. బెంగళూరు నుండి అండమాన్‌కు నేరుగా విమానాలున్నాయి, పాస్‌పోర్టే అక్కర లేదు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హావ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరం కరీబియన్ తీరాలకు తీసిపోదు. ఆ దీవులలో తెలుగువారు గణనీయంగా స్థిరపడ్డారు, మాట కలిపేవారికి కొదవ ఉండదు. విదేశమే కావాలనుకొంటే మారిషస్ ఉన్నది. భారతీయులకు వీసా లేదు, ముంబై నుండి నేరుగా విమానం ఉన్నందున నడిమి దేశపు వీసా బెడద కూడ లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో కోరంగి రేవు నుండి ఓడలెక్కిన తెలుగు కూలీల సంతతి అక్కడ నివసిస్తున్నది. వారి కోసం ఆ దేశ ప్రభుత్వం ఏటా ఉగాదికి సెలవు ఇస్తున్నది.